గట్టర్ తప్పిన చుక్క

పోయిన మే నెలలో ఒక రాత్రి, తొమ్మిదిన్నరకి గుంటూరులోని ఒక కారం యూనిట్ నుంచి ఫోన్. "సార్, మళ్లీ గట్టర్ ఫాల్ట్. జెట్ ఆగిపోయింది. పొద్దున్నే లోడు వెళ్లాలి" అన్నాడు ఆపరేటర్ కుర్రాడు. ఆ వారంలో అదే మెషీన్ గురించి అది నాలుగో ఫోన్. నేనుండేది విజయవాడ పటమటలో. అన్నం సగంలో లేచి, టూల్ బ్యాగ్ తగిలించుకుని, వారధి మీదుగా బయల్దేరాను. కాజ టోల్‌గేటు దాటినా గాలిలో వేడి తగ్గలేదు.

పదహారేళ్లుగా కోడింగ్ మెషీన్ల సర్వీసు నా పని. నీళ్ల సీసా మెడ మీద, పాల ప్యాకెట్ మీద, మందుల డబ్బా అడుగున చిన్న చిన్న చుక్కలతో బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఎమ్మార్పీ ఉంటాయి చూడండి, అవి వేసే మెషీన్లు. విజయవాడ చుట్టుపక్కల వాటర్ ప్లాంట్లు, ఆటోనగర్‌లో విడిభాగాల వాళ్లు, దుగ్గిరాల వైపు పసుపు, గుంటూరు కారం యూనిట్లు, అన్నీ తిరుగుతాను. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం ధర, తేదీ లేని ప్యాకెట్ అమ్మకానికి పోకూడదు. అందుకే ఈ చిన్న మెషీన్ ఆగితే లైను మొత్తం ఆగినట్టే. అవతల మిల్లు తిరుగుతున్నా, ప్యాకింగ్ అమ్మాయిలు సిద్ధంగా ఉన్నా, లారీ గేటు దగ్గర నిలబడినా లాభం లేదు.

వెళ్లేసరికి యజమాని గారు మెషీన్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మనిషి మంచివాడు కానీ ఆ రోజు టెన్షన్‌లో ఉన్నారు. "ఇంజినీరు గారూ, నాకు అర్థంకాక అడుగుతున్నా. ఇంకు ప్యాకెట్ మీద పడాలి. పడుతోంది. మరి ఈ గట్టర్ ఏంటి, దాన్లోకి పోవడం ఏంటి, పోలేదని మెషీన్ ఆగడం ఏంటి?" అన్నారు.

చాలామంది అడిగే ప్రశ్నే. కానీ మామూలుగా అడిగేవాళ్లకి జవాబు వినే తీరిక ఉండదు. ఆయన మాత్రం విన్నారు. పక్కనున్న అట్టపెట్టె మూత చింపి, దాని వెనక బొమ్మ గీసి చెప్పాను.

ఇంట్లో ప్రింటర్ అక్షరం కావాల్సి వచ్చినప్పుడే చుక్క వదులుతుంది. మా మెషీన్ అలా కాదు. ఆన్ చేసిన దగ్గర్నుంచి ఇంకు ధార పోతూనే ఉంటుంది, ప్యాకెట్ వచ్చినా రాకపోయినా. ఈ ధారనే జెట్ అంటాం. నాజిల్ కన్నం మన తల వెంట్రుక మందం, అరవై డెబ్భై మైక్రాన్లు. అందులోంచి ఇంకు సెకనుకు ఇరవై మీటర్ల వేగంతో దూసుకొస్తుంది. లోపల పియెజో అనే, కరెంటు ఇస్తే వణికే ముక్క ఒకటి అదే పనిగా వణుకుతూ ఆ ధారని సమానమైన చుక్కలుగా తెంపుతుంది. సెకనుకు దాదాపు 70 వేల చుక్కలు.

ధార చుక్కగా తెగే చోటే చార్జ్ ఎలక్ట్రోడ్ ఉంటుంది. చుక్క తెగే క్షణంలో ఆ ఎలక్ట్రోడ్ మీద ఎంత వోల్టేజీ ఉందో దాన్ని బట్టి చుక్క చార్జ్ పట్టుకుని పోతుంది. ఒకసారి తెగి విడిపోయాక దాని చార్జ్ దానిదే, ఇక మార్చడానికి లేదు. ఆ తర్వాత రెండు ప్లేట్లు వస్తాయి, వాటి మధ్య వేల వోల్టులు. చార్జ్ ఉన్న చుక్క అక్కడ పక్కకి వంగుతుంది. ఎక్కువ చార్జ్ ఉంటే ఎక్కువ, తక్కువ ఉంటే తక్కువ. చుక్కలు ఎత్తులో విడిపోతాయి, ప్యాకెట్ ముందుకి కదులుతుంది, రెండూ కలిసి అక్షరం అవుతుంది. ఏ చార్జూ లేని చుక్క వంగకుండా తిన్నగా పోతుంది. ఆ తిన్నటి దారి చివర, ప్రింట్ హెడ్ కొసన, సన్నటి గొట్టం నోరు తెరుచుకుని ఉంటుంది. అదే గట్టర్. వెనక నుంచి పంపు పీలుస్తూ ఉంటుంది. చుక్క అందులో పడి, తిరిగి ఇంకు ట్యాంకుకి పోయి, మళ్లీ నాజిల్‌కి వస్తుంది.

ఆ అట్ట మీదే ఒక లెక్క వేశాను. వాళ్ల ప్యాకెట్ మీద దాదాపు ముప్ఫై అక్షరాలు. అక్షరానికి పదిహేను, పదహారు చుక్కలు అనుకుంటే ప్యాకెట్‌కి 480. నిమిషానికి 60 ప్యాకెట్లు, అంటే సెకనుకి ఒకటి. నాజిల్ నుంచి వచ్చే 70 వేలలో ప్యాకెట్ మీదకి పోయేవి 480. నూటికి ఒకటి కూడా కాదు. మిగిలిన 69 వేల పైచిలుకు చుక్కలూ గట్టర్‌లోకే. ఆ ధారలో గంటకి పావు లీటరు ఇంకు ప్రవహిస్తుంది. గట్టర్ లేకపోతే లీటరు సీసా నాలుగు గంటల్లో నేలపాలు.

ఆయన అట్ట చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. "అయితే ప్రింటు కొట్టడం దీనికి చిన్న పనన్నమాట. పట్టుకోవడమే అసలు పని" అన్నారు. ఇన్నేళ్లలో ఎంతమంది కొత్త టెక్నీషియన్లకి ఈ మాట చెప్పడానికి తంటాలు పడ్డానో! ఆయన ఒక్క ముక్కలో చెప్పేశారు.

ఈ అమరికలో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే: ఏమీ చేయకపోతే చుక్క గట్టర్‌లోకి పోతుంది. ప్యాకెట్ రాకపోయినా, సెన్సర్ పనిచేయకపోయినా, ప్లేట్లకి హై వోల్టేజీ ఆగిపోయినా, ఇంకు పోవాల్సిన చోటికే పోతుంది. చుక్కని ప్యాకెట్ మీదకి పంపాలంటేనే ప్రయత్నం కావాలి. దీనికి తిరగేసి పనిచేసేవి కూడా ఉన్నాయి. కొన్ని పెద్ద ప్రింటింగ్ ప్రెస్ మెషీన్లలో చార్జ్ ఉన్న చుక్కల్ని పట్టేసి, చార్జ్ లేనివాటిని కాగితం మీదకి వదులుతారు. అక్కడ వరసగా వందల నాజిళ్లు ఉంటాయి కాబట్టి ఒక్కో చుక్కని ఎంత వంచాలన్న లెక్క ఉండదు. వంచాలా వద్దా, అంతే.

రిచర్డ్ స్వీట్ అనే ఆయన 1960ల మొదట్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఈ పద్ధతి తయారుచేశారు. ఆయనకి కావాల్సింది తేదీలు అచ్చువేయడం కాదు. వేగంగా మారే విద్యుత్ సంకేతాలని కాగితం మీద గీత గీయాలి. పెన్ను ముల్లు బరువుగా ఉంటుంది, అంత వేగంగా ఊగలేదు. చుక్క బరువు లెక్కలోకే రాదు కదా అని దాన్నే పెన్ను చేసుకున్నారు. 1971లో పేటెంట్ వచ్చింది. అంతకు ముందే, 1951లో, స్వీడన్‌కి చెందిన రూనే ఎల్మ్‌క్విస్ట్ ఇంకు ధారతో గీసే రికార్డర్‌కి పేటెంట్ తీసుకున్నారు. 1958లో మనిషి శరీరంలో అమర్చిన మొట్టమొదటి పేస్‌మేకర్‌ని తయారుచేసింది కూడా ఈయనే. ఈ సంగతి తెలిసిన రోజు నాకు రాత్రంతా సంతోషం. నేను రోజూ చేతులు నల్లచేసుకునే పనికీ, ఒక గుండె కొట్టుకోవడానికీ ఒకే మనిషి చేయి తగిలింది.

సరే, ఆ రాత్రికి వస్తాను.

ముందు చేయాల్సినవన్నీ చేశాను. ప్రింట్ హెడ్ కవర్ తీసి వాష్ కొట్టాను. వాష్ సీసాతో గట్టర్ నోట్లో రెండు చుక్కలు వేసి చూస్తే వెంటనే పీల్చేసింది, అంటే సక్షన్ బాగుంది. గట్టర్ ఫిల్టర్ నాలుగు రోజుల క్రితమే మార్చాను. జెట్ ఆన్ చేసి అలైన్‌మెంట్ చూశాను, ధార గట్టర్ నోటికి సరిగ్గా మధ్యలో పడుతోంది.

తర్వాత లూప్ తీశాను. లూప్ అంటే కంసాలి కంటికి పెట్టుకునే లాంటి భూతద్దం. ప్రింట్ హెడ్‌లో ఒక చిన్న ఎల్‌ఈడీ ఉంటుంది, చుక్కలు తెగే వేగంతోనే వెలిగి ఆరుతుంది. అందుకని సెకనుకి 70 వేలు పోతున్న చుక్కలు కంటికి కదలకుండా నిలబడినట్టు కనిపిస్తాయి. మొదట ధార, తర్వాత దాని ఒంటి మీద అలల్లాంటి ఉబ్బులు, ఆ ఉబ్బుల మధ్య మెడలు సన్నబడి సన్నబడి తెగి, ఒక్కో ఉబ్బూ ఒక్కో చుక్క. ముత్యాల సరం వేలాడదీసినట్టు ఉంటుంది. పదహారేళ్లలో ఎన్ని వేలసార్లు చూశానో, ఇప్పటికీ చూసిన ప్రతిసారీ ఒక క్షణం ఎక్కువ చూస్తాను.

వంటింట్లో కుళాయి సన్నగా తిప్పితే కింద ధార చుక్కలుగా విడిపోయేదీ ఈ కారణంతోనే. నీటికి తన పైపొరని వీలైనంత తక్కువ చేసుకునే గుణం ఉంది, పొడుగాటి ధారగా ఉండటం కంటే గుండ్రటి చుక్కలుగా ఉండటం దానికి సుఖం. ఫ్రాన్సులో సవార్ట్ 1833లోనే ఈ ధారలని గమనించి రాశారు. 1878లో లార్డ్ రేలీ లెక్క కట్టారు: ధార మందానికి దాదాపు నాలుగున్నర రెట్లు పొడుగున్న అల అన్నిటికంటే త్వరగా పెరిగి ధారని తెంపేస్తుందని. మా మెషీన్‌లో పియెజో వణికే వేగం ఆ లెక్కకి దగ్గరగానే పెడతారు. అందుకే చుక్కలన్నీ అచ్చు గుద్దినట్టు ఒకే సైజులో వస్తాయి.

అన్నీ బాగుంటే చుక్కలు దారి తప్పడం ఎందుకు అంటే, మెడ తెగేటప్పుడు ఒక్కోసారి సన్నటి దారంలాంటి ముక్క మిగిలిపోతుంది. అది ముడుచుకుని పిల్ల చుక్క అవుతుంది. మేము దాన్ని శాటిలైట్ అంటాం. అది ముందు చుక్కలోనో వెనక చుక్కలోనో త్వరగా కలిసిపోతే పరవాలేదు. కలవకపోతేనే గొడవ. అది తేలిక, కానీ దాని బరువుకి మించిన చార్జ్ దాని మీద ఉంటుంది. ప్లేట్ల మధ్యకి రాగానే మామూలు చుక్క కంటే చాలా ఎక్కువ వంగి నేరుగా ప్లేటుకే కొట్టుకుంటుంది. ఇంకు విద్యుత్తుని ప్రసరింపజేస్తుంది. ప్లేటు మీద తడి పేరుకుంటే హై వోల్టేజీ ట్రిప్. రెండో రకం, చుక్క తెగే క్షణానికీ వోల్టేజీ ఇచ్చే క్షణానికీ పొంతన కుదరకపోవడం. వోల్టేజీ పెరుగుతుండగానో తగ్గుతుండగానో చుక్క తెగితే సగం చార్జ్ పట్టుకుని, అటు అక్షరంలోకీ పోదు, ఇటు గట్టర్‌లోకీ పోదు. దాన్ని సరిచూసుకోవడానికి మెషీన్ మధ్యమధ్యలో చాలా కొద్ది చార్జ్‌తో కొన్ని చుక్కలని పరీక్షకి పంపుతుంది. ఆ చార్జ్ వాటిని గట్టర్ దాటించేంత ఉండదు. సెన్సర్ వాటిని పసిగట్టి ఏ క్షణం సరైనదో చెబుతుంది. దాన్నే ఫేజింగ్ అంటాం.

ఆ రాత్రి ఫేజింగ్ బాగుంది. శాటిలైట్లు లేవు. జెట్ ఆన్ చేశాను, లైను నడిచింది. పన్నెండున్నరకి మళ్లీ ఆగింది.

హెడ్ విప్పి చూస్తే గట్టర్ పెదవి మీద చిన్న పెచ్చు. మొదటి మూడుసార్లూ నేను దాన్ని ఎండిన ఇంకే అనుకుని కడిగేశాను. మే నెల కదా, మా ఇంకులో ఉండేది ఎంఈకే అనే సాల్వెంట్, 80 డిగ్రీలకే మరుగుతుంది, మామూలు ఎండకే ఆవిరైపోతుంది. గట్టర్ ఇంకుతో పాటు గాలినీ పీలుస్తుంది, నిజానికి ఇంకు కంటే గాలినే ఎక్కువ పీలుస్తుంది. ఆ గాలి ట్యాంకులోంచి బయటికి పోతూ సాల్వెంట్‌ని వెంట తీసుకుపోతుంది. అందుకే వేసవిలో ఇంకు సీసాల కంటే మేకప్ సీసాలే, అంటే ఆవిరైన సాల్వెంట్‌కి బదులు పోసేవే, ఎక్కువ ఖాళీ అవుతాయి. ఎండకి ఇంకు చిక్కబడి అంచు మీద ఎండుతోందని సరిపెట్టుకున్నాను.

అప్పుడు ప్యాకింగ్ బల్ల దగ్గర కూర్చున్న ఒక పెద్దావిడ మాట్లాడింది. అరవై దాటి ఉంటాయి. అక్కడందరూ ఆవిడని పెద్దమ్మ అంటారు. "అబ్బాయా, నేను చెబితే ఏమనుకోవుగా? ఆ కొత్త మిషను తిరిగిన రోజే ఇది ఆగుద్ది. అది ఆపిన రోజు తెల్లార్లూ నడుస్తది."

కొత్త మిషను అంటే ఏప్రిల్‌లో తెచ్చిన రెండో ఫిల్లింగ్ మెషీన్. మా ప్రింట్ హెడ్‌కి రెండడుగుల దూరంలో పెట్టారు. సంచిలోకి కారం జారిన ప్రతిసారీ ఎర్రటి పొగలా కొంచెం లేస్తుంది. అక్కడ పనిచేసేవాళ్లు ముక్కుకి గుడ్డ కట్టుకునే ఉంటారు, నేనూ మాస్కు వేసుకునే ఉన్నాను, అయినా నాకు తట్టలేదు.

గ్లోవ్ తీసి ఆ పెచ్చుని వేళ్ల మధ్య నలిపాను. ఇంకు పెచ్చు అయితే మెత్తగా చిట్లి రాలాలి. ఇది గరగరలాడింది. రెండు నిమిషాలకి వేలి చివర మంట మొదలైంది. తేజ రకం కారం.

గట్టర్ పీల్చే గాలితో పాటు కారం కూడా దాని నోటి దగ్గరికి వస్తోంది. తడిగా ఉన్న పెదవికి అంటుకుంటోంది. దాని మీద ఇంకు తడి, దాని మీద మళ్లీ కారం. రెండు మూడు గంటల్లో చిన్న గట్టులా లేస్తోంది. ఇరవై మీటర్ల వేగంతో వచ్చే చుక్క తెరిచిన నోట్లో పడాల్సింది ఆ గట్టుకి కొట్టుకుని చిందుతోంది. గట్టర్ లైనులో ఇంకు కనిపించకపోయేసరికి మెషీన్ జెట్ ఆపేసుకుంటోంది. అది ఫాల్ట్ చూపించడం కాదు, తనని తాను కాపాడుకోవడం. ఆపకపోయి ఉంటే ఇంకు ప్యాకెట్ల మీద, కన్వేయర్ మీద కారిపోయేది.

పెద్దమ్మకి దండం పెట్టాను. ఆవిడ సిగ్గుపడి "మేం రోజూ చూసేవాళ్లం కదయ్యా" అంది.

ఆ రాత్రికి కొత్త ఫిల్లింగ్ మెషీన్ ఆపించి లోడు పంపేశాం. తర్వాత రెండు మార్పులు చేశాం. సంచులు నిండిన తర్వాత కన్వేయర్ మీద ప్రింటు కొట్టడం మానేసి, ఫిల్మ్ రోలు విప్పుకునే చోటే, ఇంకా సంచిగా అతకక ముందే కొట్టేలా హెడ్‌ని వెనక్కి జరిపాం. అక్కడికి కారం అంతగా రాదు. రెండోది, హెడ్ కవర్ లోపలికి సన్నగా పొడి గాలి పంపే కిట్ పెట్టాం. లోపలి నుంచి గాలి మెల్లగా బయటికి వస్తూ ఉంటే బయటి దుమ్ము లోపలికి రాదు. దాన్ని సెట్ చేయడానికి ఒక పూట పట్టింది. గాలి ఎక్కువైతే చుక్కలే వంకర పోతాయి, అక్షరాల తలలు ఊగుతాయి. కంప్రెసర్ గాలిలో నూనె, నీటి తేమ లేకుండా ఫిల్టర్ వేయాలి. హెడ్‌కీ, ఫిల్మ్ నడిచే ఫ్రేముకీ ఒకే ఎర్త్ ఉందో లేదో కూడా చూశాను. ప్లాస్టిక్ ఫిల్మ్ రోలర్ల మీద రాసుకుని స్టాటిక్ పడుతుంది, చార్జ్ ఉన్న చుక్క దాని దగ్గరికి రాగానే పక్కకి లాగినట్టు పోతుంది.

జూన్‌లో మా ఇంట్లో ప్రింటర్ ఆగిపోయింది. పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి ప్రాజెక్టు ప్రింట్లు తీస్తుంటే, ఇంకు ప్యాడ్ నిండిపోయింది, సర్వీసు చేయించమని తెర మీద వచ్చింది. "నాన్నా, ఇంకు ట్యాంకు నిండా ఉందిగా, నిండిపోయిందేంటి?" అంది. వెనక మూత తీసి చూపించాను. నల్లగా, బరువుగా, ఇంకు తాగి ఉబ్బిన దూది లాంటి ప్యాడ్.

ఆ ప్రింటర్ చుక్కలు మా మెషీన్ చుక్కల ముందు నలుసులు. కొన్ని పికోలీటర్లే. మాది ఒక్కో చుక్కా దాదాపు వెయ్యి పికోలీటర్లు. నాజిళ్లు ఎండకుండా ఉండటానికి అది కాగితం బయట కూడా అప్పుడప్పుడూ చుక్కలు ఊస్తుంది. హెడ్ క్లీనింగ్ నొక్కిన ప్రతిసారీ పంపు పెట్టి ఇంకు లాగేస్తుంది. అంచులు వదలకుండా ఫొటో ప్రింటు వేస్తే కాగితం దాటిన ఇంకు కింద స్పాంజిలో పడుతుంది. మరీ సన్నటి తుంపర గాలిలో తేలి లోపలంతా పలచగా అంటుకుంటుంది. ఊసిందీ, పంపు లాగిందీ చాలావరకు ఆ ప్యాడ్‌లోకే. చాలా మోడళ్లలో ప్యాడ్ తడిని కొలిచే సెన్సర్ ఏమీ ఉండదు, ఎంత ఊశానన్నది ప్రింటరే లెక్క రాసుకుంటూ వచ్చి, లెక్క నిండగానే ఆగిపోతుంది.

"మీ మెషీన్‌లాగా మళ్లీ ట్యాంకులో పోసుకోవచ్చుగా?" అంది అమ్మాయి. మాది ఒకటే ఇంకు. ఇక్కడ నాలుగు రంగులు కలిసి ఒకే ప్యాడ్‌లోకి వెళ్లాయి, విడదీయలేం. అది చెప్పాక కాసేపు ఆలోచించి, "అయితే ఊరికే క్లీనింగ్ నొక్కకూడదన్నమాట" అంది. అవును. మీరూ నొక్కకండి. ముందు నాజిల్ చెక్ ప్రింటు తీయండి, గీతలు తెగితేనే క్లీనింగ్ చేయండి.

మొన్న ఆగస్టులో మామూలు సర్వీసుకి గుంటూరు వెళ్లాను. మే తర్వాత ఆ యూనిట్‌లో గట్టర్ ఫాల్ట్ ఒక్కసారి కూడా రాలేదు. వర్షాకాలం తేమకి ప్లేట్లు ఒకసారి ట్రిప్ అయ్యాయి, తుడిస్తే పోయింది. ఆపరేటర్ కుర్రాడు పొద్దున్నే హెడ్ కడిగాక, పెద్దమ్మ ఫోన్ టార్చి వేసి గట్టర్ నోరు చూస్తుందట. అది ఆవిడకి ఎవరూ చెప్పిన పని కాదు. గట్టర్ అన్న మాట ఆవిడ నోట రాదు. నేను లూప్ తీసేలోపే చెప్పింది: "గొంతు శుభ్రంగానే ఉందబ్బాయా, పొద్దున చూశా."

లూప్ ఆవిడ చేతికిచ్చి, ఎల్‌ఈడీ దగ్గర ఎలా పట్టుకోవాలో చూపించాను. ఒక కన్ను మూసి, వంగి, చాలాసేపు చూసింది.

"కదలట్లేదేం?" అంది.